రెండోసారి దగ్గర ఆగిన పాట

3, మంగళవారం

మళ్ళీ అక్కడే ఆగింది.

కంప్యూటర్ తెర మీద, సినిమా ఎంత తయారైందో చూపే నీలం గీత సగం దాటి, ఇంకాస్త పాకి, ఆగిపోయింది. చిన్న పెట్టె ఒకటి తెరుచుకుంది. "గుర్తు తెలియని లోపం సంభవించింది." గుర్తు తెలియని వాహనం ఢీకొని ఒకరి మృతి అని పేపర్లో రాస్తారే, అలాగన్నమాట. కింద మైనస్ గుర్తు పెట్టి కొంగమెడంత పొడుగు అంకె. దాని కింద "సరే" అని ఒకటే బటన్. సరే కాదు అనడానికి బటన్ లేదు. ఇన్నేళ్ళుగా పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తున్నాను, ఈ పెట్టె మీద కోపం మాత్రం తగ్గలేదు. ఏం పోయిందో చెప్పదు, ఎక్కడ పోయిందో చెప్పదు, ముందు ఒప్పుకోమంటుంది.

నాన్న సినిమా ఇరవై రెండో తేదీకి తయారవ్వాలి. కూరగాయల మార్కెట్లో ఆయనకి వీడ్కోలు సభ. ఆయన జీవితమంతా వేలం పాడిన షెడ్డులోనే తెర కడతారట. మార్కెట్ సెక్రటరీ పొద్దున ఫోన్ చేశాడు.

"అమ్మా, మిగతా ఏం చూపించినా చూపించకపోయినా పర్లేదు. మీ నాన్నగారి గొంతు ఆ షెడ్డులో ఇంకొక్కసారి మోగాలి. అంతే మాకు కావాల్సింది."

ఆ గొంతున్నది ఆపరేషన్‌కి ముందురోజు వెనక వసారాలో నేను తీసిన వీడియోలో. మర్నాడు గొంతుపెట్టె మొత్తం తీసేశారు. ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళన్నీ తీశాను కానీ ఇంట్లో నాన్నని అంతకుముందు ఎప్పుడూ తీయలేదు. ఫోన్లో రెండు ముక్కలున్నాయి, రెండింట్లోనూ దగ్గే. కాబట్టి నాన్న మాట అన్నది ఇప్పుడు ఈ కంప్యూటర్లో మాత్రమే ఉంది.

రేపు మళ్ళీ నడిపిస్తాను.

4, బుధవారం

ఇవాళ వేరే పెట్టె. "విలువ పరిధి దాటింది." ఎవరి విలువ, ఏ పరిధి? ఆగినప్పుడల్లా అప్పటిదాకా తయారైన ముక్కని కూడా చెరిపేస్తుంది, అలిగి కంచం తోసేసినట్టు.

మా స్టూడియోలో సీనియర్‌ని అందరం గురువుగారంటాం. ఆయనకి ఫోన్ చేశాను.

"క్యాష్ క్లియర్ చేశావా?"

"చేస్తాను గురువుగారూ."

"చేస్తాను కాదు. ముందది చెయ్యి. ఏ రోగానికైనా అదే మాత్ర."

నిజమే. ఈ సాఫ్ట్‌వేర్ మనమిచ్చిన ప్రతి ఫైలుకీ తనకి అనుకూలంగా ఒక నకలు చేసుకుని క్యాష్ అనే ఓ మూల దాచుకుంటుంది. ఆ మూల నిండిపోతే తిక్క పుడుతుంది. ఊడ్చేస్తే మళ్ళీ బుద్ధిగా పనిచేస్తుంది. మా పనిలో చిన్నవాళ్ళ నుంచి పెద్దవాళ్ళ దాకా అందరం చేసేదే, చేతులు కడుక్కున్నంత మామూలుగా. ఇవాళ బద్ధకించాను. రేపు చేస్తాను.

5, గురువారం

చేయలేదు. చేయకపోవడం వల్లే బతికిపోయాను.

పొద్దున సినిమాని రెండు ముక్కలు చేసి మొదటి సగం నడిపించాను. తప్పెక్కడుందో పట్టుకోవడానికి మేమంతా చేసే పని ఇది. అదీ ఆగింది. అందులో సగం. అదీ ఆగింది. అప్పుడు వెళ్ళి అసలు ఫైలు చూశాను. కెమెరా మైకు పాడై, ఆ రోజు మాట కోసం విడిగా రికార్డర్ పెట్టాను, ఆ ధ్వని ఫైలు. పేరుంది, తేదీ ఉంది, బరువుంది. తెరవబోతే తెరుచుకోదు. డిస్కు పోతోంది. నిన్నటిదాకా "రెండోసారి" అన్న మాట దాకా చదివి అక్కడ ఆగేది. ఇవాళ మొదటి మాటే చదవడం లేదు.

రెండుచోట్ల కాపీ పెట్టడం మా పనిలో మొదటి పాఠం. ఆ రోజు ఇల్లంతా హాస్పిటల్‌కి సంచులు సర్దుతోంది. రికార్డర్‌లోని కార్డు తర్వాతి పెళ్ళికి తుడిచేశారు. ఇంతకంటే రాయను.

మరి నాకు వినిపిస్తున్నదేమిటి? ఆ మూల దాచుకున్న నకలు. సాఫ్ట్‌వేర్ దాన్ని నాకు వినిపిస్తుంది గానీ బయటికివ్వదు. బయటికివ్వాలంటే అసలు ఫైలు తెమ్మంటుంది. నకలుని వేరేచోటికి కాపీ చేసి చూశాను, ఏ ప్లేయరూ దాన్ని గుర్తుపట్టదు. ప్రాజెక్టు మూసి తెరిచినా మళ్ళీ అసలుని వెతుకుతుంది, దొరక్కపోతే నకలునీ తీసేస్తుంది. ఇంతకుముందు ఒక పెళ్ళిలో పాట అలాగే పోయింది. క్యాష్ ఊడ్చానా, అంతే సంగతులు.

కంప్యూటర్ ఆపడానికి లేదు. ప్రాజెక్టు మూయడానికి లేదు. అడకత్తెరలో పోకచెక్క అంటారే, నా బతుకు అలా ఉంది.

దారి ఒకటుంది. హెడ్‌ఫోన్ పెట్టే రంధ్రం నుంచి రికార్డర్‌కి ఒక కేబుల్. ఇక్కడ మోగుతుంది, అక్కడ రికార్డవుతుంది. వీధి మూల మీద కొట్లో దొరుకుతుంది.

కేబుల్ తేవాలి.

6, శుక్రవారం

వాన. వెళ్ళలేదు.

తెర మీద "ముట్టుకోవద్దు" అని చీటీ అంటించాను. అమ్మ గది ఊడవడానికొస్తే గుమ్మంలోనే ఆపి చీపురు లాక్కున్నాను. అమ్మ నన్ను ఎగాదిగా చూసి, "లోపల ఏమైనా గుడ్లు పొదుగుతున్నావా?" అంది.

గొంతు టీచరు వచ్చింది. వారానికి రెండుసార్లు వస్తుంది. ఆపరేషనయినవాళ్ళకి మళ్ళీ మాట నేర్పించడం ఆవిడ పని. నాన్నకి టార్చిలైటంత యంత్రం ఒకటిచ్చారు. మెడకి ఆనించి పెదాలు కదిపితే బుర్రుమంటూ మాట వస్తుంది, వస్తుందట. అమ్మ దానికి తుమ్మెద అని పేరు పెట్టింది. నాన్న దాన్ని సొరుగులో పెట్టేసి పలక పట్టుకున్నాడు. టీచరు వెళ్తూ వెళ్తూ నా గుమ్మం దగ్గర ఆగింది.

"ఒక్కమాటండీ. ఆయనకి అర్థమయ్యేలా మాట్లాడ్డం రాకపోవడం కాదు సమస్య. మీరంతా ఒకసారి 'ఏంటి?' అంటారు, రెండోసారి పలక అందిస్తారు. ఇంట్లో ఒకరు రోజూ ఓ గంట కూర్చోవాలి. పలక ఇవ్వకూడదు. అర్థం కాకపోతే మళ్ళీ అడగాలి. మీరు కూర్చుంటారా?"

"తప్పకుండానండీ. ఈ సినిమా ఒకటి అయిపోనివ్వండి."

7, శనివారం

కొట్టు దాకా వెళ్ళాను. భోజనానికి మూశాడు.

8, ఆదివారం

అంతా విన్నాను, హెడ్‌ఫోన్స్‌లో.

నాన్న వెనక వసారాలో బోర్లించిన టమాటా పెట్టె ఎక్కి నిలబడి ఇంట్లో సామానంతా వేలం వేస్తాడు. ముందు తన గొడుగు. "మూడు కమ్మీలు విరిగాయి, మిగతా ఐదూ మంచివే, తలలో మూడువంతులు తడవదు!" తర్వాత గరగరమనే ఫ్యాను. తర్వాత అమ్మ కోపం. "ఏ కాలంలోనైనా తాజాగా ఉండే సరుకు, కుళ్ళదు, ఎండదు, చూసుకుని పాడండి!" కెమెరా వెనక నేను నవ్వుతుంటే బొమ్మ కూడా ఊగింది. చివరికి తన గొంతు మీద చెయ్యి వేసుకుని, "ఇదిగో, పాత సరుకు. ఒకే ఓనరు వాడింది. ఉన్నదున్నట్టు. పాట ఎవరిది?" అంటాడు. వంటింట్లోంచి అమ్మ, "ఎవరికీ అమ్మం! దిగండి కిందికి!" అని అరుస్తుంది. నాన్న ఆగడు. ఒకటోసారి అంటాడు. రెండోసారి అంటాడు. అక్కడ ఆగుతాడు. పెట్టె దిగి మంచినీళ్ళడుగుతాడు.

మూడోసారి అనలేదు. అప్పుడు నేను పట్టించుకోలేదు.

మార్కెట్లో ఒక పద్ధతుంది. మూడోసారి అనేదాకా సరుకు ఎవరిదీ కాదు. అమ్మినవాడిదీ కాదు, కొన్నవాడిదీ కాదు. ఎవరూ ముట్టుకోకూడదు. మొదలుపెట్టినవాడే ముగించాలి, పక్కవాడు అందుకోవడానికి లేదు. ఓసారి కాబేజీ గుట్ట మీద రెండోసారి అన్నాక నాన్నకి దగ్గు తెర వచ్చిందట. ఆయన బయటికెళ్ళి, నీళ్ళు తాగి, కుదుటపడి వచ్చేదాకా షెడ్డు షెడ్డంతా ఆ గుట్ట చుట్టూ చేతులు కట్టుకుని నిలబడిందట. ఆ కథ చెప్పినప్పుడల్లా నాన్న ఛాతీ రెండంగుళాలు పెరిగేది.

10, మంగళవారం

ఇవాళ కేబుల్ తెద్దామనుకున్నాను. స్టూడియోవాళ్ళ పెళ్ళి ఆల్బం ఒకటి మీద పడింది.

అయినా ఆలోచిస్తే కేబుల్ పద్ధతి అంత మంచిది కాదు. నాణ్యత పోతుంది. షెడ్డు పెద్దది, పెద్ద స్పీకర్లు పెడతారు, చిన్న గరగర కూడా ఏనుగంతవుతుంది. డిస్కు బాగుచేసేవాళ్ళెవరైనా ఉంటే అసలు ఫైలే దొరుకుతుంది కదా. కనుక్కోవాలి. ఇలాంటి పనులు తొందరపడి చేయకూడదు.

నాన్న గుమ్మం దాకా వచ్చాడు. తెర నల్లగా ఉన్నప్పుడు వెనకున్నది అందులో కనిపిస్తుంది. మెడ దగ్గర తెల్లగుడ్డ, చేతిలో పలక. నా చెవులకి హెడ్‌ఫోన్స్ ఉన్నాయి. కాసేపు నిలబడ్డాడు. నేను చూడనట్టే ఉన్నాను. వెళ్ళిపోయాడు.

అప్పుడు నేను వింటున్నది ఆయన్నే.

11, బుధవారం

"మీడియా పెండింగ్‌లో ఉంది. దయచేసి వేచి ఉండండి."

ఉన్నాను.

12, గురువారం

మధ్యాహ్నం వరండాలో నాన్న పక్కన కూర్చున్నాను. పావుగంట కూర్చుని ఉంటాను. ఆయన పలక మీద రాశాడు: సినిమా ఎంతవరకొచ్చింది?

"అయిపోవచ్చింది నాన్నా. సాఫ్ట్‌వేర్ తిక్కతిక్కగా చేస్తోంది."

తుడిచి మళ్ళీ రాశాడు: ఏమంటుంది?

"గుర్తు తెలియని లోపమంటుంది."

నవ్వాడు. ఇప్పుడు నాన్న నవ్వితే భుజాలు మాత్రం కదులుతాయి. మెడగుడ్డ లేచి పడుతుంది. తుడిచి రాశాడు: నాకు డాక్టరు చెప్పిందీ అంతే, మొదట్లో.

తర్వాత పలక ఒళ్ళో పెట్టుకుని, సొరుగు వైపు చూసి, నా వైపు చూశాడు. ఏదో చెప్పబోతున్నాడని తెలుసు. తుమ్మెద తీస్తాడని తెలుసు. నేను లేచి, "కంప్యూటర్ చూసొస్తాను" అన్నాను.

కంప్యూటర్‌కి ఏమీ కాలేదు. ఏమీ కాదని తెలుసు.

13, శుక్రవారం

పక్కగదిలో టీచరుతో పాఠం. మొదటిసారి తుమ్మెద మోగడం విన్నాను. ఒకటే శ్రుతి, ఎగుడూ లేదు దిగుడూ లేదు. మిక్సీలో రాయి పడ్డట్టు. ఆ బుర్రులోనే ఎక్కడో ఒక మాట ఉండాలి. నాకు ఒక్క అక్షరం తెలియలేదు. టీచరు, "మళ్ళీ" అంది. మళ్ళీ అదే బుర్రు. "ఇంకోసారి. మెడకి కాస్త గట్టిగా ఆనించండి." మళ్ళీ.

నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. మూడు కమ్మీలు విరిగాయి, మిగతా ఐదూ మంచివే. శబ్దం పెంచాను. ఇంకా పెంచాను.

ఏడ్చాను కూడా. రాయకుండా వదిలేద్దామనుకున్నాను, కానీ ఇది నేను నాకోసం రాసుకునేదే కదా. నాకు ఆ గొంతు కావాలి. ఈ బుర్రు వద్దు. అంతే.

14, శనివారం

డిస్కు బాగుచేసేవాడు ఫోన్లో అన్నాడు, "మేడం, పేరు, బరువు కనిపిస్తున్నా చదవలేదంటే ఆశ పెట్టుకోకండి. తెచ్చిస్తే చూస్తాను, హామీ ఇవ్వను."

అమ్మతో గొడవైంది. అన్నం చల్లారిపోతోందని మూడోసారి పిలిచింది. నేను సాఫ్ట్‌వేర్ ఆగిందన్నాను, డిస్కు పోయిందన్నాను. అమ్మ, "ఆడలేక మద్దెల ఓడు" అని వెళ్ళిపోయింది. తర్వాత అక్కతో ఫోన్లో మాట్లాడటం వినిపించింది. గొంతు తగ్గించి మాట్లాడితే అమ్మ మాట ఇంకా బాగా వినిపిస్తుంది.

"ఏం చెప్పమంటావే. వాళ్ళ నాన్న బతికుండగానే ఫోటో కట్టించి గదిలో పెట్టుకుంది మీ చెల్లెలు. అసలు మనిషి గుమ్మం బయట నిలబడి ఉంటే, అది లోపల బొమ్మతో కూర్చుంది... ఆఁ... ఆ మిషనేదో పాడైందట. మీ ఆయన్ని ఓసారి పంపు, కంప్యూటర్లంటే తెలుసుగా."

నాకు చెంపదెబ్బ తగిలినట్టయింది. సినిమా ఆగింది లోపం వల్ల కాదని అమ్మకి ఎవరు చెప్పారు? కేబుల్ కొనడానికి ఇన్ని రోజులు ఎందుకు పట్టిందో నాకు తెలియదా? రికార్డయిందంటే పని అయిపోయినట్టే. పని అయిపోతే ఈ గదిలోంచి బయటికి రావాలి. బయట వరండాలో ఉన్నది కొత్త నాన్న.

రేపు కొట్టు తెరవగానే వెళ్తాను.

15, ఆదివారం

కేబుల్ తెచ్చాను.

16, సోమవారం

నిన్న ఇంకేం రాయలేకపోయాను.

కొట్టులో కేబుల్ దొరికింది. ఐదు నిమిషాల పని. పొట్టిది, నల్లది, కవర్‌తో సహా నా బొటనవేలంత బరువు లేదు. ఇంటికొచ్చేసరికి గుమ్మం ముందు బావ చెప్పులు.

మా బావకి నేను పెట్టిన పేరు సర్వజ్ఞుడు. ఎవరింట్లో ఏ యంత్రం మూలిగినా విప్పదీస్తాడు. నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. "ముట్టుకోవద్దు" చీటీని చక్కగా మడిచి బల్ల మీద పెట్టాడు, వాళ్ళ పిల్లల కోసం అంటించాననుకున్నాడట.

"రా మరదలా, రా. ఎన్నాళ్ళుగా ఆపకుండా నడిపిస్తున్నావీ కంప్యూటర్‌ని? పాపం, గూడ్స్ బండిలా మూలుగుతోంది. ఎంత చెత్త పేర్చావో తెలుసా? క్యాష్ మొత్తం ఊడ్చి పారేశాను. ఒకసారి ఆపి మళ్ళీ వేశాను. ఏదో ఫైలు కనబళ్ళేదని గోలపెట్టింది, దాటెయ్ అని నొక్కాను. ఇప్పుడు చూడు!"

చూశాను. నీలం గీత సగం దాటింది. "రెండోసారి" అన్న మాట ఉన్న చోటూ దాటింది. చివరిదాకా గుర్రంలా వెళ్ళింది. పెట్టె తెరుచుకుంది.

"విజయవంతంగా పూర్తయింది."

ఇన్ని రోజుల్లో అది నాకర్థమయ్యేలా చెప్పిన మాట ఇదొక్కటే. నడిపించి చూశాను. నాన్న పెట్టె ఎక్కాడు, గొడుగు చూపించాడు, నోరు తెరిచాడు. శబ్దం లేదు. కింద ధ్వని గీత ఉండాల్సిన చోట తిన్నటి గీత.

బావని ఏమన్నానో గుర్తులేదు. గుర్తున్నవి రాయదగ్గవి కావు. పాపం ఆయన ముఖం తెల్లబోయింది. "మంచికేగా చేశాను... ఎవరైనా అదేగా చేసేది" అంటున్నాడు. నిజమే, ఎవరైనా అదే చేస్తారు. గురువుగారైనా అదే చేసేవారు, ఇంకొకరి కంప్యూటరైతే నేనైనా అదే చేసేదాన్ని. అమ్మ పరిగెత్తుకొచ్చింది. నేను అరుస్తూనే ఉన్నాను. ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను.

నాన్న గుమ్మంలోకి వచ్చి పలక నా ముఖానికెదురుగా పట్టుకున్నాడు. సుద్ద గట్టిగా నొక్కి రాశాడు, అక్షరాలు లావుగా ఉన్నాయి.

నా గొంతు పోయినప్పుడు కూడా ఇంత అరవలేదు నువ్వు.

17, మంగళవారం

పోయిన ఫైళ్ళు వెతికే సాఫ్ట్‌వేర్ ఒకటి వేశాను. రెండుసార్లు వెతికింది. "దొరికినవి: సున్నా. సరే."

సరే.

18, బుధవారం

ఇది మొత్తం రాయాలి. ఒక్క ముక్క కూడా మరిచిపోకూడదు.

పొద్దున వరండాలోకి వెళ్ళి నాన్నకి అంతా చెప్పేశాను. డిస్కు సంగతి, నకలు సంగతి, కేబుల్ సంగతి. కేబుల్ ఎందుకు తేలేదో కూడా. నీ కొత్త గొంతు వినలేక ఆ గదిలో కూర్చున్నాను నాన్నా అన్నాను. ఆ మాట అంటే గుండె ఆగుతుందనుకున్నాను, ఆగలేదు. ఇరవై రెండో తేదీకి వాళ్ళడిగింది ఇవ్వలేను, సెక్రటరీకి ఫోన్ చేసి చెప్పేస్తాను అన్నాను.

నాన్న పలక తీసుకోలేదు. లేచి నా గదిలోకి నడిచాడు. తెర వైపు వేలు చూపించాడు. వెయ్యమన్నాడు.

వేశాను. మూగ నాన్న తెర మీద గొడుగు ఆడిస్తున్నాడు. ఈ నాన్న నా కుర్చీలో కూర్చుని, తల పక్కకి వంచి, మార్కెట్లో సరుకు నాణ్యం చూసినట్టు తన ముఖాన్నే తను చూసుకున్నాడు. కాసేపటికి ఆయన పెదాలు కదలడం మొదలైంది. తెర మీద పెదాలతో పాటే, సరిగ్గా. మూడు కమ్మీలు. మిగతా ఐదూ. ఒక్క మాట కూడా మరిచిపోలేదు. జీవితమంతా పాడిన నోరు కదా, ఎలా మరిచిపోతుంది.

ఆపమన్నట్టు చెయ్యి ఎత్తాడు. ఆపాను. వెళ్ళి సొరుగు తెరిచిన శబ్దం. తిరిగొచ్చి కూర్చుని తుమ్మెదని మెడకి ఆనించాడు.

బుర్రుమంది.

"ఏంటి నాన్నా?"

మళ్ళీ బుర్రుమంది. పలక అవతల గదిలో ఉంది. నా కాళ్ళు అటు లేవబోయాయి. టీచరు మాట గుర్తొచ్చింది, కూర్చున్నాను.

"మళ్ళీ చెప్పు."

చెప్పాడు. నాకు అర్థం కాలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను, అయినా మళ్ళీ అడిగాను. ఆయన విసుక్కోలేదు. గట్టిగా ఆనించి, పెదాలు పెద్దవి చేసి, ఒక్కో ముక్కా విడివిడిగా అన్నాడు.

"పి... చ్చు... కా."

నన్ను పిలిచాడు. చిన్నప్పుడు గడగడ వాగుతానని పెట్టిన పేరు. ఇన్నాళ్ళూ గుమ్మం దగ్గర నిలబడి పలక పట్టుకుని వెళ్ళిపోయింది ఇందుకేనేమో. పేరు పలక మీద రాస్తే పిలిచినట్టు అవుతుందా?

"ఆఁ నాన్నా."

"మై... కు... పెట్టు."

ఈసారి ఒక్కసారికే అర్థమైంది.

సినిమావాళ్ళు డబ్బింగ్ చెప్పినట్టే చెప్పాడు. పెళ్ళి వీడియోల మనిషిని, నేను డబ్బింగ్ ఎప్పుడూ చేయించలేదు. తెర కింద ఆయన పక్కన మైకు పెట్టి, వీడియో మొదటి నుంచి వేశాను. గొడుగు దగ్గర పెదాలకంటే మాట వెనకబడింది, తల అడ్డంగా ఆడించి మళ్ళీ వెయ్యమన్నాడు. ఫ్యాను దగ్గర కలిసింది. తుమ్మెదకి ఎగుడుదిగుడు లేదు కానీ నాన్నకి ఉంది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ తొందరపెట్టాలో, పాట పెంచేవాడిని ఎక్కడ ఊరించాలో ఆయనకి తెలుసు. బుర్రు అదే, దానిమీద నడిచేవాడు మా నాన్న. అమ్మ కోపం దగ్గరికొచ్చేసరికి నేను పగలబడి నవ్వేశాను. నా నవ్వు కూడా రికార్డయింది.

నవ్వు విని అమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. తెర మీద నాన్న గొంతు మీద చెయ్యి వేసుకున్నాడు.

"పాత... సరుకు," అంది తుమ్మెద. "ఒకే... ఓనరు. ఉన్నది... ఉన్నట్టు. పాట... ఎవరిది?"

వీడియోలో ఇక్కడ అమ్మ మాట ఉండాలి. ఎవరికీ అమ్మం, దిగండి కిందికి. నాన్న వెనక్కి తిరిగి అమ్మ వైపు చూశాడు. నేనూ చూశాను. తెర మీద బొమ్మ కదిలిపోతోంది, అమ్మకి డైలాగు గుర్తుందో లేదో. అమ్మ గరిటె కిందికి దించింది.

"నాదే," అంది. "పాట నాదే. ఎంతకైనా సరే."

నాన్న తెర వైపు తిరిగాడు.

"ఒకటో... సారి."

పెదాలు కలిశాయి.

"రెండో... సారి."

కలిశాయి. తెర మీద నాన్న అక్కడ ఆగిపోయాడు. పెట్టె దిగాడు. గ్లాసు అందుకున్నాడు. నేను ఆపబోయాను. నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. తెర మీద ఆయన మంచినీళ్ళు తాగుతున్నాడు, గొంతు కిందికీ పైకీ కదులుతోంది, ఆ రోజుకి ఆయనకి ఇంకా ఉన్న గొంతు. ఈ నాన్న దాన్నే చూస్తూ తుమ్మెదని మెడకి గట్టిగా ఆనించాడు.

"మూడో... సారి."

అని, మార్కెట్లో పెట్టె మీద కొట్టినట్టు నా బల్ల మీద అరచేత్తో ఒక్కటి కొట్టాడు.

ఎవరం ఏంటి అని అడగలేదు. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "మరి ఎత్తుకెళ్ళమంటారా, ఇక్కడే కుళ్ళబెట్టమంటారా?" అంది. మూడోసారి అన్నాక సరుకు షెడ్డులో ఉండకూడదు. అదీ మార్కెట్ పద్ధతే. నాన్న భుజాలు కదిలాయి.

మూడుచోట్ల కాపీ పెట్టాను. ఒకటి బావకి పంపి, పక్కన "క్షమించు బావా" అని రాశాను. సెక్రటరీకి ఫోన్ చేసి, "మీరడిగింది లేదు, నాన్న పంపింది ఉంది" అన్నాను. షెడ్డులో వాళ్ళకి మొదటిసారి అర్థం కాకపోతే మళ్ళీ వేయమని చెప్పాను.

వరండాలో నాన్న పిలుస్తున్నాడు. కేబుల్ కవర్లోనే ఉంది. కంప్యూటర్ ఆపేసి వెళ్తున్నాను.